గుణింతాల చార్టు ముందు గడిచిన సాయంత్రాలు

ఇరవై ఏళ్ళ కిందటి మాట. తెలుగు పల్లెల్లోనూ పట్నం బస్తీల్లోనూ చాలాచోట్ల సాయంత్రం చదువు కేంద్రాలు నడిచేవి. బడి వరండా, పంచాయతీ ఆఫీసు పక్క గది, గుడి అరుగు, ఎవరో తాళం వేసి వలస వెళ్ళిన ఇంటి వసారా... నీడా, ఒక బల్బూ ఉన్న చోటల్లా కేంద్రమే. ఇంటర్ చదివే అమ్మాయిలు, డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రాళ్ళు, పదో తరగతితో చదువు ఆగిపోయిన కోడళ్ళు వాటికి వాలంటీర్లు. పిల్లలు వాళ్ళని అక్కా, అన్నా అనే పిలిచేవాళ్ళు. జీతం లేదు. ఉన్నచోట గౌరవ వేతనం అనేవాళ్ళు గానీ అది ఏ నెలది ఏ నెలకి వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ కేంద్రాల గురించి ఇప్పుడు ఎవరైనా మాట్లాడితే సేవ, త్యాగం అంటూ మొదలుపెడతారు. నిజానికి అక్కడ జరిగిన పనంతా చాలా చిన్న చిన్న సంగతులతో నడిచింది. ఏ పిల్లవాడు ఏ అక్షరం దగ్గర ఆగుతున్నాడు, ఎందుకు ఆగుతున్నాడు అన్నదే రోజూ చూడాల్సిన లెక్క. అది చూసిన కేంద్రాల్లో పిల్లలకి చదవడం వచ్చింది. చూడని చోట ఎంత గొప్ప మనసున్న వాలంటీరైనా ఏడాది చివర్లో ఉత్త చేతులతో మిగిలారు.

మొదటి వారంలో అందర్నీ మోసం చేసేది పాట. "క కా కి కీ కు కూ" అని మొదలుపెడితే ఒకటో తరగతి పిల్లలు సైతం "కం కః" దాకా ఊపిరి తీయకుండా అప్పజెప్పేవాళ్ళు. వినడానికి ముచ్చటగా ఉండేది. అదే చార్టులో మధ్యన ఉన్న "కె" మీద పుల్ల పెట్టి ఇదేంటి అంటే గది నిశ్శబ్దం. కాస్త తెలివైనవాళ్ళు పెదాలు కదుపుతూ "క" దగ్గర్నుంచి మళ్ళీ పాట మొదలుపెట్టి, లెక్కపెట్టుకుంటూ "కె" దాకా వచ్చి చెప్పేవాళ్ళు. వాళ్ళకి వరుస తెలుసు, గుర్తు తెలియదు. వర్ణమాలకీ ఇదే తంతు. అందుకే అనుభవం ఉన్న వాలంటీర్లు మొదటి రోజు పిల్లల చేత ఏదీ అప్పజెప్పించేవాళ్ళు కారు. అక్షరాలు విడివిడిగా, వరుస తప్పించి చూపించి అడిగేవాళ్ళు.

అడగడానికి చేతిలో ఒక కాగితం ఉండేది. 1995లో ముంబయి బస్తీల్లో మొదలైన ప్రథమ్ సంస్థ వాళ్ళు 2005లో దేశమంతా పల్లెల్లో పిల్లలకి చదవడం ఎంతవరకు వచ్చో చూడటానికి అసర్ పేరుతో సర్వే చేసినప్పుడు వాడిన ఒక పేజీ పరీక్ష అది. సర్వేలో వాలంటీర్లు ఊళ్ళో 20 ఇళ్ళకి వెళ్ళి, పిల్లల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి ఆ కాగితం చదివించేవాళ్ళు. ఆ తర్వాత దాన్ని చాలా కేంద్రాలు తమ పనికి వాడుకున్నాయి. కాగితం మీద నాలుగు ముక్కలు: పది అక్షరాలు, పది మాటలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. మొదలుపెట్టేది అక్షరాలతో కాదు, పేరాతో. పేరాని మూడు తప్పులకి మించకుండా, విడి మాటల వరుసలా కాక వాక్యంలా చదివితే కథ ఇవ్వాలి. కథ కూడా ధారగా వస్తే కథ స్థాయి, రాకపోతే పేరా స్థాయి. పేరాలోనే తడబడితే మాటల్లోకి దింపాలి: ఏవైనా ఐదు చదవమని, అందులో నాలుగు సరిగ్గా వస్తే మాట స్థాయి. అవీ రాకపోతే అక్షరాలు, అక్కడా ఐదుకి నాలుగు. అదీ లేకపోతే మొదటి మెట్టు కిందే. ఒక్కో పిల్లకి ఐదు నిమిషాలు చాలు.

కాగితం చిన్నదే గానీ దాన్ని పాడు చేసే దారులు చాలా ఉన్నాయి. పక్కన నలుగురు పిల్లలు నిలబడి అందించడం మామూలు. అమ్మ వెనక నిలబడి "ఇంట్లో బాగానే చదువుతాడమ్మా, నువ్వంటే బెదురు" అనడం ఇంకా మామూలు. అందుకని కాస్త దూరంగా, నేల మీద పక్కపక్కన కూర్చుని అడగాలి. ఎదురుగా కూర్చుంటే పిల్లలకి అది పరీక్షే. ఇంకో ఇబ్బంది, రెండోసారి పెట్టేసరికి పేరా కంఠతా వచ్చేసి ఉంటుంది. కాగితం చూడకుండానే చదివేస్తారు. అందుకే ఆ కాగితం నాలుగు రకాలుగా ఉండేది, మార్చి మార్చి వాడాలి. అనుమానం వస్తే పేరాలో చివరి వాక్యం మీద వేలు పెట్టి అక్కణ్ణుంచి చదవమంటే నిజం బయటపడేది. ఇక నెల చివర్లో పై ఆఫీసుకి లెక్క పంపాలనగానే కొందరు వాలంటీర్ల చేతిలో మాట స్థాయి పిల్లలు రాత్రికి రాత్రి పేరా స్థాయి అయిపోయేవాళ్ళు. దానికి వాళ్ళని తిట్టి లాభం లేదు. పెరిగితేనే మెచ్చుకునే చోట లెక్కలు పెరుగుతాయి.

పరీక్ష అయ్యాక పిల్లల్ని తరగతుల ప్రకారం కాకుండా స్థాయి ప్రకారం కూర్చోబెట్టేవాళ్ళు. ఇప్పుడు అందరికీ తెలిసిన పద్ధతే గానీ అప్పట్లో ఊళ్ళో పెద్దవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉండేది. ఐదో తరగతి కుర్రాడు రెండో తరగతి చెల్లెలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దడమా? కానీ ఆ కుర్రాడికి ఐదో తరగతి వాచకం ముందు పెట్టి మూడేళ్ళుగా ఎవరూ ఏమీ సాధించలేదు. 2001 నుంచి 2003 దాకా ముంబయి, వడోదరల్లో బాలసఖి పేరుతో జరిగిన పని ఇదే సంగతి చూపించింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లల్ని 15, 20 మందిని విడిగా తీసి, అదే వాడలో ఉండే అమ్మాయి రోజుకి రెండు గంటలు మొదటి మెట్టు నుంచి నేర్పితే వాళ్ళు ముందుకొచ్చారు. దాని ఫలితాన్ని లెక్కగట్టిన బృందంలోని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకి 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన వాలంటీర్లకి ఇదంతా తెలియాల్సిన అవసరం లేదు, ఆ కుర్రాడి సిగ్గు సంగతి చూసుకోవడం తెలిస్తే చాలు. గుంపులకి ఒకటి, రెండు అని అంకెలు పెడితే మర్నాటికల్లా ఊరంతటికీ ఎవరు ఎక్కడో తెలిసిపోతుంది. పక్షుల పేర్లో పూల పేర్లో పెట్టడం మేలు. పెద్దపిల్లలకి అక్షరాలు నేర్పేది కూడా చిన్నపిల్లల బొమ్మల కార్డులతో కాదు. పాత దినపత్రికల పెద్ద హెడ్డింగులు ముందు పెట్టి, అందులో "మ" ఎన్నిసార్లు ఉందో సున్నా చుట్టమంటే వాళ్ళు పేపరు చదివేవాళ్ళలాగే కూర్చుని ఆ పని చేసేవాళ్ళు.

అక్షరాలు "అ" నుంచి "ఱ" దాకా వరుసగా నేర్పే అలవాటు బళ్ళలో ఉండేది. కేంద్రాల్లో ఆ వరుసని పక్కన పెట్టారు. ఋ, ఙ, ఞ, ఝ, ఠ లాంటివి పిల్లల పుస్తకాల్లో పేజీలు తిప్పినా దొరకవు. వాటి కోసం వారాలు పోగొట్టుకోవడం దండగ. ర, ల, మ, న, క, త, ప, వ, గ, డ, ట, ద, స, చ... ఈ పద్నాలుగూ వస్తే గుణింతం లేకుండానే తల, వల, పలక, పడవ, గడప, నడక, వరద, మడత, కలప లాంటి మాటలు బోలెడు. వాటికి అల, ఆట, ఈగ, ఓడ చేర్చుకోవచ్చు. అచ్చులు మాట మొదట్లోనే తప్ప మధ్యలో అక్షరాలుగా రావు, గుర్తులుగా మారిపోతాయి. అందుకని మొదటి రెండు వారాల్లో అన్ని అచ్చులూ దిద్దించాల్సిన పని లేదు. రోజుకి రెండు, మూడు కొత్త హల్లులు, ఆ సాయంత్రమే వాటితో మాటలు. అక్షరం నేర్చుకున్న రోజే దాంతో మాట చదివిన పిల్ల మర్నాడు తప్పకుండా వస్తుంది. నెల రోజులు ఉత్త అక్షరాలే దిద్దిన పిల్ల రాదు.

తికమక పెట్టే జంటలు ఏ ఊరికి వెళ్ళినా అవే. ప, వ: ఒకటి పైన తెరుచుకుని ఉంటుంది, రెండోది మూసుకుని ఉంటుంది. ప లోపల మెలిక పడితే ష, కింద గీత పడితే ఫ. మ, య. న, స. ద, డ. పొట్టలో చుక్క ఉన్న థ, కింద గీత ఉన్న ధ. ఇలాంటి జంటని ఒకే రోజు నేర్పడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. రెండూ పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తే బాగా గుర్తుంటుందని కొత్త వాలంటీరు అనుకుంటారు. పిల్లవాడికి మాత్రం "ఈ రెండిట్లో ఏదో ఒకటి" అన్నదే గుర్తుండిపోతుంది. ఒకటి పూర్తిగా పట్టుబడి, నాలుగైదు మాటల్లో తడబడకుండా చదివాక, కనీసం వారం ఆగి రెండోది తేవాలి. అప్పుడు పక్కపక్కన పెట్టినా భయం లేదు.

గుణింతాల చార్టు ఆ కేంద్రాలకి గుండెకాయ. కొన్నవి ఉండేవి గానీ చేత్తో రాసినవే ఎక్కువ రోజులు నిలిచాయి. పాత క్యాలెండర్ల వెనకవైపు తెల్లగా, దళసరిగా ఉండేది. నాలుగు షీట్లు అతికిస్తే గోడకి సరిపడేది. నిలువుగా హల్లులు, అడ్డంగా తలకట్టు, దీర్ఘం, గుడి, గుడి దీర్ఘం, కొమ్ము, కొమ్ము దీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం, సున్న. అక్షరం కనీసం రెండు అంగుళాల ఎత్తు ఉండాలి. గుర్తుల్ని ఎర్ర స్కెచ్చుతో, హల్లుని నల్లదాంతో రాస్తే కళ్ళకి గుర్తు విడిగా ఆనుతుంది. గోడకి కొట్టే ఎత్తు పిల్లల కంటికి, పెద్దల కంటికి కాదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా చార్టు మళ్ళీ కిటికీ పైకి ఎక్కేది.

దాన్ని చదివించే తీరులోనే కిటుకంతా ఉంది. అడ్డంగా క కా కి కీ అని చదివితే మళ్ళీ పాటే. నిలువుగా చదవాలి: కి, గి, చి, టి, డి, తి... ఒకే గుడి, మారే హల్లు. అలా చదివితే గుడి అంటే ఏ శబ్దమో పిల్లల చెవికి విడిగా వినిపిస్తుంది. ఆ తర్వాత అడ్డదిడ్డంగా. ఒక పిల్ల పుల్ల పట్టుకుని చూపిస్తే మిగతావాళ్ళు చెప్పడం, చూపించే పిల్లకి కూడా తెలిసి ఉండాలి కాబట్టి ఇద్దరికీ పని. రోజుకి పది నిమిషాలు మించకూడదు, కానీ ఒక్క రోజూ మానకూడదు. అన్ని గుర్తులూ ఒకేసారి కాదు. దీర్ఘం, గుడి, కొమ్ము, సున్న ముందు. సున్న ఆలస్యం చేయడం తెలివితక్కువ, ఎందుకంటే తెలుగు పేజీలో పుస్తకం, అన్నం, గుర్రం, వాహనం అని అడుగడుగునా అదే కనిపిస్తుంది. ఐత్వం, ఔత్వం చివర్లో వచ్చినా నష్టం లేదు.

ఇక్కడ కొన్ని అక్షరాలు వరసలో నడవవు. వకి కొమ్ము అందరిలా పక్కన తగిలిస్తే మ అయి కూర్చుంటుంది. అందుకే పు, వు లకి కొమ్ము కిందనుంచి తిరుగుతుంది. మొ, యొ లలో ఒత్వం ఒత్వంలా కనపడదు, ఎత్వమూ కొమ్మూ కలిసినట్టు ఉంటుంది. పిల్లలు "మొక్క"ని "మెక్క" అని చదివితే అది అజాగ్రత్త కాదు, వాళ్ళు చూసిందే చదివారు. హ, హా తేడా కూడా విడిగా చూపించాలి. ఈ నాలుగైదింటికీ వేరే కార్డులు చేసి పెట్టుకున్న కేంద్రాల్లో తర్వాత ఇబ్బంది తగ్గింది. కార్డులకి ఖర్చు లేదు, పాత శుభలేఖల అట్టలు ఊరంతా దొరికేవి.

అసలు గోడ వత్తుల దగ్గర తగులుతుంది. గుణింతాల దాకా నడుచుకుంటూ వచ్చిన పిల్లల్లో చాలామంది ఇక్కడ ఆగిపోతారు. బయటివాళ్ళు దీన్ని బద్ధకం అనుకుంటారు. కారణం లిపిలోనే ఉంది. "రాత్రి" చూడండి. త, దాని పైన గుడి, కింద ర వత్తు. కన్ను ముందు "తి"ని పట్టుకుంటుంది, తర్వాత కింద ర కనిపిస్తుంది. అందుకే పిల్లలు "రాతిర" అంటారు. పలకాల్సింది మాత్రం త, ర, చివర్న ఇ. గుడి పై అక్షరం మీద ఉన్నా దాని శబ్దం వత్తు తర్వాత రావాలి. పుస్తకం "పుసతకం" అవుతుంది, బస్సు "బసుస" అవుతుంది. "లకు గుడిస్తే లి, దానికి లావత్తు" అని వర్ణించి చెప్పే పాత పద్ధతి రాయడానికి పనికొస్తుంది గానీ చదివేటప్పుడు అదే అడ్డం. అంత పొడుగు వర్ణన అయ్యేసరికి ముందు మాట మరిచిపోతారు.

కేంద్రాల్లో నెమ్మదిగా కుదిరిన వరుస ఇది. మొదట ద్విత్వాలు, అందులోనూ నోట్లో రోజూ ఆడేవి: అక్క, అన్న, అమ్మ, కుక్క, పిల్లి, గువ్వ, బొమ్మ. నోరు ముందే తెలిసిన మాట కాబట్టి "అమమ" అని చదవగానే పిల్లకే నవ్వొస్తుంది, తనే సరిచేసుకుంటుంది. వత్తు అంటే నొక్కి పలకడం అని అక్కడ అర్థమవుతుంది. క వత్తు, గ వత్తు, చ వత్తు లాంటివి అసలు అక్షరాన్ని పోలి ఉంటాయి కనక చిక్కు లేదు. త, న, మ, య, ర, ల వత్తులు అసలు అక్షరానికి దూరంగా ఉంటాయి. ఈ ఆరింటినీ కొత్త అక్షరాల్లాగే విడిగా నేర్పాలి. తర్వాత సంయుక్తాలు: పద్మ, పుస్తకం, రాత్రి, చక్రం, వాక్యం. స్త్రీ, రాష్ట్రం లాంటి రెండు వత్తుల మాటలు కంటపడినప్పుడు చెప్పేస్తే సరి, వాటికి పాఠం అక్కర్లేదు. దీనంతటికీ గుణింతాలకి పట్టినంత కాలం పడుతుంది. రెండు వారాల్లో వత్తులు అయిపోయాయని ఎవరైనా రిజిస్టరులో రాస్తే వెళ్ళి చూసి రావాల్సిందే.

జిరాక్సు గురించి ఒక మాట. కథల కాగితాలు కేంద్రాలకి జిరాక్సుల మీద జిరాక్సులుగా వచ్చేవి. మూడో తరం కాపీలో గుడికీ గుడి దీర్ఘానికీ తేడా చెరిగిపోతుంది, సున్న నిండిపోయి చుక్కవుతుంది, వత్తులు కింది వరస గుడుల్లో కలిసిపోతాయి. పెద్దవాళ్ళు మాట ఊహించి చదివేస్తారు కాబట్టి వాళ్ళకిది కనపడదు. పిల్లలు ఊహించలేరు. తెలుగుకి వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలి, కింద వేలాడే వత్తుకీ పైకి లేచే గుడికీ చోటుండాలి. చేత్తో పెద్దగా రాసిన ఒక్క పేజీ పది జిరాక్సుల పెట్టు.

పేరా స్థాయికి వచ్చాక ఎదురయ్యేది వేరే చిక్కు. అక్షరాలన్నీ వచ్చు, మాటా చదువుతారు, కానీ ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని లాగుతూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు ఏమిటో గుర్తుండదు. తెలుగు మాటల పొడుగు దీనికి తోడు. "వెళ్ళిపోతున్నాడంట" అనేది ఒకటే మాట. "చెప్పకుండానే", "ఇంట్లోంచి" అంతే. పిల్లలు ఊపిరి అందక మధ్యలో ఎక్కడో విరుస్తారు. పెన్సిలుతో చిన్న గీత పెట్టి "వెళ్ళి / పోతున్నాడంట" అని విడదీసి రెండుసార్లు, గీత చెరిపేసి ఒకసారి చదివిస్తే దారిలో పడుతుంది. అదే పేరాని వరుసగా మూడు రోజులు చదివించడం కూడా మంచిదే. రోజుకో కొత్త పాఠం కావాలన్న తొందర పెద్దలదే. పిల్లలకి నిన్న తడబడిన చోట ఇవాళ జారుకుంటూ పోవడం గొప్ప సరదా.

వినే మనిషి ఎలా వింటారన్నది ఇక్కడ ముఖ్యం. పిల్ల ఆగగానే మాట అందించేస్తే ఆ పిల్ల ఇక ప్రతి మాట దగ్గరా మొహం చూస్తుంది. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకుని ఆగాలి. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం మీద వేలు పెట్టాలి, అప్పుడూ రాకపోతే చెప్పేయాలి, సాగదీయకూడదు. తప్పు చదివితే మాట మధ్యలో పట్టుకోకుండా వాక్యం అయ్యేదాకా ఆగి "ఏమైందంట?" అని అడిగితే సగం తప్పులు వాళ్ళే దిద్దుకుంటారు. పుస్తకంలో "వెళ్ళాడు" అని ఉంటే పిల్లవాడు "పోయిండు" అని చదివిన సందర్భాలు తెలంగాణ పల్లెల్లో కోకొల్లలు. కొందరు వాలంటీర్లు దాన్ని తప్పుగా రాసుకునేవాళ్ళు. అక్షరం చూసి, అర్థం తెలుసుకుని, తన నోటి మాటలో చెప్పిన పిల్లవాడు నిజానికి అందరికంటే ముందున్నాడు. "అవును, పోయిండు. ఇక్కడ ఎట్ల రాసిన్రో చూడు" అంటే చాలు. ఇంట్లో కోయ, గోండి, లంబాడీ మాట్లాడే పిల్లల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. మాట చదివినా దాని అర్థం వాళ్ళ దగ్గర లేదు. వాళ్ళకి చదువు కన్నా ముందు కథలు చెప్పడం, బొమ్మలు చూపించి మాట్లాడించడం ఎక్కువ సేపు ఉండాలి.

సాయంత్రం గంటన్నర ఎలా గడిచేదంటే, మొదట పది, పదిహేను నిమిషాలు వాలంటీరే ఒక కథ పైకి చదవాలి. పుస్తకం పిల్లల వైపు తిప్పి, చదువుతున్న వరస కింద వేలు జరుపుతూ. మధ్యలో ఒకట్రెండు చోట్ల ఆగి తర్వాత ఏమవుతుందో అడగాలి, అంతకంటే ఎక్కువ ప్రశ్నలు వేస్తే కథ పాఠమైపోతుంది. ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఉంటారనే కథని మొదట పెట్టారు, పోగొట్టుకోవడం ఇష్టంలేక వేళకి వచ్చేవాళ్ళు. తర్వాత చార్టు. ఆ తర్వాత ఆట: నేల మీద సుద్దతో గళ్ళు గీసి అక్షరాలు రాసి, పిలిచిన మాట ప్రకారం గెంతడం, కార్డులు పోగేసి మాటలు కట్టడం. మిగిలిన అరగంట పైచిలుకు గుంపులుగా చదవడం, రాయడం. రాయడం అంటే చూసి రాయడం కాదు, వాళ్ళకి తోచిన మాట రాయడం, తప్పులున్నా సరే. ఈ వ్యవధిలో వాలంటీరు కనీసం ఐదుగురిని ఒక్కొక్కరిగా రెండు నిమిషాలు వినాలి. 15 మంది ఉంటే మూడు రోజుల్లో అందరూ అవుతారు. 30 మంది పోగైతే ఎవర్నీ వినలేరు. పిల్లలు ఎక్కువ వచ్చారని సంబరపడ్డ కేంద్రాలు ఇక్కడే దెబ్బతిన్నాయి.

పుస్తకాలు తాడు కట్టి వేలాడదీసేవాళ్ళు, అట్ట కనిపించేలా. యాభై పల్చటి పుస్తకాలు ఉంటే కేంద్రానికి ఏడాది గడుస్తుంది. నెహ్రూ బాల పుస్తకాలయం వాళ్ళవి, 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ వాళ్ళవి, మంచి పుస్తకం వాళ్ళవి తెలుగులో దొరికేవి. పేజీకి ఒకటి, రెండు వరసలు ఉన్నవి ఎప్పుడూ తక్కువే, పేజీ నిండా అక్షరాలున్నవి దానాల్లో గుట్టలుగా వచ్చేవి. ఎవరో అటక దించి పంపిన పాత పోటీ పరీక్షల గైడ్లు కూడా పిల్లల గ్రంథాలయం ఖాతాలోనే చేరేవి. ఇంటికి ఇస్తే చిరుగుతాయని, పోతాయని బీరువాలో పెట్టి తాళం వేసిన చోట్లు లేకపోలేదు. ఏడాది తర్వాత ఆ పుస్తకాలు కొత్తగానే ఉండేవి, పిల్లలు కూడా. ఇచ్చే రిజిస్టరులో పుస్తకం పేరూ తమ పేరూ పిల్లలే రాసుకోవడం మంచి పద్ధతి. చిరిగినవాటికి పిండి జిగురు వాడితే బొద్దింకలు తినేస్తాయి, దారంతో కుట్టడమే మేలు.

హాజరు ఎప్పుడూ ఎగుడు దిగుడే. పత్తి ఏరే రోజుల్లో పెద్దపిల్లలు కనిపించరు, పరీక్షల నెలలో వాలంటీర్లు కనిపించరు. 2005-06లో ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో వాలంటీర్ల చదువు శిబిరాల మీద జరిగిన అధ్యయనం చెప్పింది కూడా ఇదే. శిబిరానికి వచ్చిన పిల్లలు బాగా నేర్చుకున్నారు, కానీ వచ్చినవాళ్ళు కొద్దిమందే. కేంద్రం తెరిచి కూర్చుంటే అవసరం ఉన్నవాళ్ళు వస్తారనుకోవడం తప్పు. చదవడం రానివాళ్ళే అందరికంటే ఎక్కువ తప్పించుకుంటారు. రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఇంటికి వెళ్ళడం అనే నియమం పెట్టుకున్నచోట గుంపు నిలబడింది. వెళ్ళినప్పుడు ఎందుకు రాలేదని అడగడం కన్నా ఆ పిల్ల చేత అమ్మ ముందు నాలుగు వరసలు చదివించడం ఎక్కువ పనిచేసేది. చదువు రాని తల్లి ఆ నాలుగు వరసలూ విన్నాక పొలం నుంచి వస్తూ తనే దింపి వెళ్ళేది.

తల్లిదండ్రుల నుంచి వచ్చే ఒత్తిడి ఇంకోటి ఉండేది, హోంవర్కు. నోటు పుస్తకం నిండితేనే చదువు సాగినట్టు. "రోజూ కథలేనా అమ్మా, లెక్కలు చేయించు" అనేవాళ్ళు. ఒకసారి ఒప్పుకుంటే కేంద్రం ట్యూషనైపోతుంది, మాట స్థాయి పిల్లవాడు నాలుగో తరగతి ప్రశ్నకి జవాబు గైడు చూసి గీస్తూ కూర్చుంటాడు. పూర్తిగా కాదంటే పిల్లల్ని మానిపిస్తారు. చివరి పదిహేను నిమిషాలు హోంవర్కుకి వదిలేయడం చాలాచోట్ల కుదిరిన రాజీ. ఎంత చెప్పినా అక్షరాలు నిలవని పిల్లలు కొందరు తప్పకుండా ఉంటారు. పుస్తకం ముక్కుకి ఆనించి చదివే పిల్లకి ముందు కళ్ళ పరీక్ష కావాలి. వెనక నుంచి పిలిస్తే పలకని పిల్లవాడికి చెవుల పరీక్ష. అవి చేయించకుండా ఎన్ని కార్డులు చూపించినా ప్రయోజనం ఉండదు.

2021 జులైలో నిపుణ్ భారత్, అంటే చిన్న తరగతుల పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలన్న కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం, వచ్చాక ఈ స్థాయిల భాషంతా ప్రభుత్వ బళ్ళలోకి వచ్చింది, అది సంతోషమే. రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 చదవాలని అందులో లక్ష్యం పెట్టారు. ఆ అంకె చూసినప్పుడు పాత వాలంటీర్లకి మొదట తోచేది "వెళ్ళిపోతున్నాడంట" ఎన్ని మాటల కింద లెక్క అని. హిందీలో మూడు నాలుగు ముక్కలుగా పడేది తెలుగులో ఒకటిగా అతుక్కుని ఉంటుంది. తెలుగు పిల్లల వేగం చూడాలంటే అక్షరాలు లెక్కపెట్టడం న్యాయం. గడియారం పట్టుకునేది కూడా పేరా స్థాయి దాటాకే. అంతకుముందు పడితే పిల్లలు వత్తులు మింగేసి పరుగెత్తడం నేర్చుకుంటారు.

ఆ కేంద్రాల్లో చాలా వాటిని మూయించింది డబ్బు కాదు. వాలంటీరు మారడమే. ఉద్యోగం వస్తుంది, పెళ్ళవుతుంది, పై చదువుకి పట్నం వెళ్తారు. అది ఎవరి తప్పూ కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు మళ్ళీ "అ ఆ" నుంచి మొదలుపెడతారు, పేరా చదివే పిల్లలు విసుగెత్తి మానేస్తారు. కొనసాగిన కేంద్రాల్లో ఒక సన్నపాటి నోటు పుస్తకం ఉండేది, పిల్లకి ఒక పేజీ. అందులో స్థాయి, తేదీ, చదివిన పుస్తకాల పేర్లు ఉండేవి. అన్నిటికంటే పనికొచ్చేది చివరి వరస: "థ, ధ తికమక", "ర వత్తు రాలేదు", "గుడి దీర్ఘం చూడదు", "పైకి చదవమంటే సిగ్గు, చెవిలో చెబుతుంది". వెళ్ళే వాలంటీరు, వచ్చే వాలంటీరు కలిసి ఒక వారం కూర్చుని ఆ పుస్తకం పట్టుకుని పిల్లలందర్నీ ఒకసారి వింటే చాలు, మర్నాటి నుంచి పని ఆగిన చోటే మొదలయ్యేది.